క్రూసేడర్ కింగ్స్ 3: రాజు పోగానే రాజ్యం ముక్కలవుతోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. క్రూసేడర్ కింగ్స్ 3 అనే మధ్యయుగపు కంప్యూటర్ స్ట్రాటజీ ఆటలో 1066 సంవత్సరం ఎంచుకుని, ఐర్లండ్ దక్షిణాన మన్‌స్టర్‌ని ఏలే ముర్చాద్‌తో మొదలుపెట్టారు. లెన్‌స్టర్ గెలిచారు, కొనాక్ట్ గెలిచారు, రెండు చోట్లా డ్యూక్ టైటిళ్ళు (రాజుకి ఒక మెట్టు కింది హోదా) కూడా సృష్టించుకున్నారు. అంతా బాగుందనుకునేసరికి ముసలాయన పోయాడు. ముగ్గురు కొడుకులూ తలో డచీ (డ్యూక్ ఏలే ప్రాంతం) తీసుకున్నారు. మీ చేతికొచ్చిన పెద్దకొడుక్కి మన్‌స్టర్ ఒక్కటే మిగిలింది. అందులోనూ సామంతులు ఫ్యాక్షన్ (పాలకుడికి ఎదురు తిరిగే కూటమి) కట్టి, క్రౌన్ అథారిటీ (సామంతుల మీద పాలకుడి అధికారం) తగ్గించమని మీదికొచ్చారు. మనుషులు మీకే ఎక్కువున్నా యుద్ధం ఓడిపోయారు. "ఇన్ని గంటలు ఆడిందంతా పోయినట్టేనా? మళ్ళీ మొదటినుంచి ఆడాలా, లేక ఈ ఆటే నాకు పడదా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ సేవ్ వదిలేయకండి, మళ్ళీ మొదలుపెట్టకండి. ముసలాయన చనిపోయేనాటికి ఒకే హోదా టైటిళ్ళు మూడు ఆయన చేతిలో ఉన్నాయి. మీ రాజ్యం విడిపోవడానికి అసలు కారణం అదే. మొదట్లో చాలామంది రాజులకి ఉండేది కాన్ఫెడరేట్ పార్టిషన్ అనే వారసత్వ చట్టం. దాని ప్రకారం మీ హోదాతో సమానమైన టైటిల్ ఏ కొడుక్కి వెళితే ఆ కొడుకు స్వతంత్రుడైపోతాడు, ఎందుకంటే డ్యూక్ కింద డ్యూక్ ఉండడు. ఆయన బతికుండగానే ఒక మెట్టు పైకెక్కి ఐర్లండ్ రాజ్య కిరీటం సంపాదించి ఉంటే ఇదే పంపకం జరిగినా తమ్ముళ్ళిద్దరూ పెద్దవాడికి సామంతులుగా ఉండేవాళ్ళు. మ్యాప్ మీద మీ రంగు చెక్కుచెదిరేది కాదు.

2012లో ఈ సిరీస్ రెండో భాగం వచ్చినప్పటినుంచి ఆడుతున్నాను. మూడో భాగం 2020 సెప్టెంబరులో వచ్చాక కొత్తవాళ్ళకి పక్కన కూర్చుని నేర్పించడం కూడా అలవాటైంది. దాదాపు అందరూ ఆగిపోయేది మీరు ఆగిన చోటే, మొదటి రాజు చావు దగ్గరే. వేరే స్ట్రాటజీ ఆటల్లో గెలిచిన నేల మనదే, ఎప్పటికీ మనదే. ఇక్కడ మీరు ఆడుతున్నది దేశాన్ని కాదు, ఒక వంశాన్ని. ఇప్పుడు కుర్చీలో ఉన్న మనిషి ఇరవై ఏళ్ళకో నలభై ఏళ్ళకో పోతాడు. ఆయన సంపాదించిందంతా పిల్లల మధ్యకి వస్తుంది. కాబట్టి ఈ ఆటలో ఏ పని చేసినా "ఈ మనిషి రేపు పోతే ఇది ఎవరి చేతికి వెళ్తుంది?" అని ఒకసారి అడుక్కుని చేయాలి. నేను చెప్పబోయే చిట్కాలన్నీ ఆ ప్రశ్నలోంచి పుట్టినవే.

"గేమ్ అన్యాయంగా లాక్కుంది" అన్నారు కదా, దాని గురించి ఒక మాట. ఆ కాలం నిజంగా ఇలాగే నడిచింది. 843లో వెర్డన్ ఒప్పందంతో షార్లమేన్ సామ్రాజ్యాన్ని ముగ్గురు మనవళ్ళు పంచుకున్నారు. మీరు 867లో ఆట మొదలుపెడితే యూరప్ నడిబొడ్డున కనిపించే ఆ కారోలింజియన్ రాజ్యాలన్నీ ఆ పంపకం ముక్కలే. 1066లో ఇంగ్లండ్ గెలిచిన విలియం 1087లో పోయినప్పుడు పెద్దకొడుకు రాబర్ట్‌కి నార్మండీ, బతికున్నవాళ్ళలో రెండోవాడు విలియం రూఫస్‌కి ఇంగ్లండ్ వెళ్ళాయి. చిన్నవాడు హెన్రీకి దక్కింది వెండి నాణేలే. ఆ హెన్రీయే 1100లో ఇంగ్లండ్ కిరీటం, 1106లో టిన్షెబ్రే యుద్ధంతో నార్మండీ రెండూ చేజిక్కించుకున్నాడు. మన దగ్గరా అంతే. 7వ శతాబ్దంలో బాదామి చాళుక్య రెండో పులకేశి గెలిచిన వేంగిని తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడి చేతిలో పెట్టాడు. అక్కడినుంచి తూర్పు చాళుక్యులు వేరే వంశంగా నాలుగు వందల ఏళ్ళకు పైగా ఏలారు. తమ్ముడి చేతికిచ్చిన నేల తిరిగి రాకపోవడమన్నది ఆట వాళ్ళు కల్పించిన విషయం కాదు.

ఇక అసలు పద్ధతికి వద్దాం.

వారసత్వం ట్యాబ్ ప్రతి ఏడాదీ తెరవండి. రాజ్యం వివరాలుండే విండోలో సక్సెషన్ అనే భాగం ఉంటుంది. ఈ క్షణంలో మీ రాజు పోతే ఏ కౌంటీ (డచీలో ఒక భాగం) ఎవరికి, ఏ డచీ ఎవరికి అన్నది అక్కడ పేర్లతో సహా కనిపిస్తుంది. కొత్తవాళ్ళలో దాన్ని తెరిచేవాళ్ళు తక్కువ. కొత్త కొడుకు పుట్టినా, కొత్త కౌంటీ గెలిచినా, ఒక టైటిల్ సృష్టించినా వెంటనే అక్కడికెళ్ళి ఏం మారిందో చూస్తాను. ఒక్క టైటిల్ సృష్టించడంతో రాజధాని పక్కనున్న కౌంటీ రెండోకొడుకు వైపు జారడం నేను చాలాసార్లు చూశాను. ఈ లెక్క మీకు అలవాటైతే రాజు చావు గురించిన టెన్షన్ సగం తగ్గిపోతుంది.

కాన్ఫెడరేట్ పార్టిషన్‌లో ఇంకో మెలిక ఉంది, చాలామంది దీన్ని గమనించరు. "ఆ డ్యూక్ టైటిళ్ళు నేను సృష్టించకపోతే సరిపోయేది కదా" అనుకుంటారు. సరిపోదు. ఒక డచీకో రాజ్యానికో కావలసినంత నేల మీ చేతిలో ఉంటే, మీరు చనిపోయిన రోజున ఆటే ఆ టైటిల్‌ని సృష్టించి రెండోకొడుకు చేతిలో పెడుతుంది. మీరు ఐర్లండ్ రాజై, ఆ తర్వాత వేల్స్‌లో సగానికి పైగా గెలిచి ఊరుకున్నారనుకోండి. "వేల్స్ కిరీటం నేను పెట్టుకోలేదు కదా" అన్న ధైర్యం పనికిరాదు, రెండోవాడు వేల్స్ రాజై కూర్చుంటాడు. అందుకని పైహోదా అందే దూరంలో ఉంటేనే రెండో రాజ్యం నేల ఎక్కువగా గెలవండి. లేదంటే సగం దాటకుండా ఆగండి. ఇక్కడ ఆగడం పిరికితనమేం కాదు, ఈ ఆటలో బాగా ఆడేవాళ్ళందరూ చేసేదే.

ఈ చట్టం మారేది ఎప్పుడంటే, మీ సంస్కృతి కొత్త ఆవిష్కరణలు నేర్చుకున్నకొద్దీ. ముందు మామూలు పార్టిషన్ వస్తుంది. అందులో కొత్త టైటిళ్ళు వాటంతటవి పుట్టవు, ఉన్నవే పంచుతారు. తర్వాత హై పార్టిషన్, అందులో పెద్దవాడికి కనీసం సగం. అంతా ఒక్కరికే వెళ్ళే ప్రైమోజెనిచర్ చివరి మధ్యయుగపు ఆవిష్కరణ, ఆ యుగం తలుపు తెరుచుకునేదే 1200లో. మీరు 1066లో మొదలుపెట్టారు కాబట్టి ఎంత లేదన్నా 134 ఏళ్ళు, అంటే నలుగురైదుగురు రాజులు, పంపకాల మధ్యే బతకాలి. "ప్రైమోజెనిచర్ వచ్చాక చూద్దాం" అనుకుంటే ఆట మొత్తం ఏడుపే. పంపకంతో కాపురం చేయడం నేర్చుకోవాలి.

నేను చేసేది ఇలా ఉంటుంది.

రాజధాని ఉన్న డచీలోని కౌంటీలన్నీ నా చేతిలోనే ఉంచుకుంటాను. మంచి భవనాలన్నీ అక్కడే కడతాను. రాజధాని కౌంటీ, ప్రధాన టైటిల్ ఎప్పుడూ ముఖ్య వారసుడికే వెళ్తాయి. రాజధాని డచీలో మిగతావి కూడా ముందు అతని వైపే మొగ్గుతాయి, కాకపోతే తమ్ముళ్ళ వాటాకి బయట నేల చాలకపోతే అవీ తెగుతాయి. అందుకే బయట గెలిచిన నేల తమ్ముళ్ళ కోసమే అనుకుని గెలుస్తాను. పల్లెల్లో పొలం పంచేటప్పుడు ఇంటిని ఆనుకున్న చెలక పెద్దవాడికి ఉంచి, చిన్నవాళ్ళకి వాగవతల కొత్త పొలం కొనిపెట్టినట్టన్నమాట. చిన్నకొడుకులు పెద్దవాళ్ళవగానే దూరంగా గెలిచిన కౌంటీ, కుదిరితే డచీ, బతికుండగానే ఇచ్చేస్తాను. వాళ్ళ చేతిలో ముందే ఉన్నది వాటా లెక్కలో చేరుతుంది. ఇచ్చాక మళ్ళీ అదే సక్సెషన్ ట్యాబ్ తెరిచి, రాజధాని చుట్టుపక్కలవి పెద్దవాడి పేరు మీదికి వచ్చాయో లేదో చూసుకోవాలి. రాకపోతే ఇంకోటి ఇవ్వాలి.

ఒక జాగ్రత్త. కొడుక్కి పెద్ద డచీ ఇస్తే రేపు అతనే అన్న మీద ఫ్యాక్షన్ కట్టే మొదటి మనిషి అవుతాడు. టైటిల్ మీద హక్కు ఉంటుంది, సైన్యం ఉంటుంది. నేను రెండోకొడుక్కి మరీ పెద్దది ఇవ్వను. ఇచ్చినది రాజధానికి దూరంగా, కోటలు పెద్దగా లేని చోట ఉండేలా చూస్తాను.

పిల్లల సంఖ్య కూడా వ్యూహమే. వంశం నిలవాలని పదిమంది పిల్లల్ని కనేస్తారు చాలామంది. ఇద్దరు ముగ్గురు కొడుకులు పుట్టి బతికి బట్టకట్టారంటే, తర్వాతి పెళ్ళి విషయంలో ఆలోచించాలి. భార్య పోయి రాజు మళ్ళీ పెళ్ళి చేసుకుంటుంటే పిల్లలు పుట్టే వయసు దాటిన ఆవిడని చేస్తాను. కౌన్సిల్‌లో కూర్చోబెట్టదగ్గ తెలివిగల ఆవిడైతే ఇంకా మంచిది. క్రైస్తవ రాజైతే భక్తిపరుడైన చిన్నకొడుకుని సన్యాసం తీసుకోమని అడగొచ్చు. ఒప్పుకుంటే వారసుల వరసలోంచి తప్పుకుంటాడు. వంశపెద్ద మీరే అయితే రినౌన్ (వంశం కూడబెట్టుకునే కీర్తి) ఖర్చుపెట్టి ఒకరికి వారసత్వం లేకుండా చేయొచ్చు. కానీ ఆ రినౌన్‌తో వంశమంతటికీ తరతరాలు పనికొచ్చే లెగసీలు కొనొచ్చు కాబట్టి, అది నాకు ఆఖరి మార్గం మాత్రమే.

చిన్నకొడుకుల్ని చంపించే దారి కూడా ఆటలో ఉంది. దాన్ని సలహాగా ఇచ్చేవాళ్ళు చాలామంది. నేను ఇవ్వను. బయటపడితే బంధుఘాతకుడన్న ముద్ర పడుతుంది, చుట్టాలూ సామంతులూ అందరూ దూరమవుతారు. దయగల రాజైతే స్ట్రెస్ నెత్తికెక్కుతుంది. అదీగాక పెద్దవాడు వేటలోనో టోర్నమెంటులోనో హఠాత్తుగా పోతే ఆ చిన్నవాడే మీ ఆటని నిలబెట్టేది.

చిన్నకొడుకులకి భూమి ఇచ్చినా వాళ్ళ పెళ్ళిళ్ళు నేనే చూస్తాను, అదీ పిల్లలు పుట్టే వయసు దాటినవాళ్ళతో. వాళ్ళు జీవితమంతా సామంతులుగా పనికొస్తారు, వాళ్ళు పోయాక పిల్లలు లేకపోతే నేల చాలావరకు అన్న కుటుంబానికే తిరిగొస్తుంది. ఈ ఒక్క పద్ధతితో రెండు తరాల పంపకాన్ని యుద్ధం లేకుండా వెనక్కి తెచ్చుకున్న ఆటలు నాకు ఎన్నో ఉన్నాయి.

ఎలెక్టివ్ చట్టాల గురించి కూడా అడుగుతారని ఇప్పుడే చెబుతున్నాను. డచీ, అంతకు పైన ఉన్న టైటిళ్ళకి విడిగా ఎన్నిక పద్ధతి పెట్టొచ్చు. ప్రెస్టీజ్ (పాలకుడు సంపాదించుకున్న పరువు) ఖర్చవుతుంది, క్రౌన్ అథారిటీ తగినంత ఉండాలి. ఆ టైటిల్ పంపకం లెక్కలోంచి తప్పుకుని ఓట్ల ప్రకారం వెళ్తుంది. డచీలోని కౌంటీలన్నీ మీ చేతిలోనే ఉంటే ఓటేసేది మీరొక్కరే, కాబట్టి పెద్దవాడికే వేసుకోవచ్చు. ఐర్లండ్‌లో మీకు టానిస్ట్రీ అనే ప్రత్యేక పద్ధతి కూడా దొరుకుతుంది. అందులో వంశంలో ఎవరినైనా ఎన్నుకోవచ్చు, సామంతులు తరచుగా వయసులో పెద్దవాళ్ళ వైపు మొగ్గుతారు. అంటే మీ తర్వాత మీ కొడుకు కాకుండా మీ తమ్ముడో బాబాయి కొడుకో రావచ్చు. వాళ్ళూ మీ వంశమే కాబట్టి ఆట సాగుతుంది. కానీ కొడుకు కోసం మీరు కట్టుకున్న కౌంటీలు ఒకచోట, కిరీటం ఇంకోచోట పడొచ్చు. నాకు టానిస్ట్రీ ఇష్టమే, అయితే మొదటి ఆటలో వద్దంటాను.

ఇక రాజు పోయిన రోజు. మీరు నిజంగా ఓడింది ఇక్కడే, కాబట్టి ఇది కొంచెం దగ్గరగా చెబుతాను.

చావు కబురు తెర మీదికి రాగానే స్పేస్ బార్ నొక్కి ఆట ఆపండి. ఆ ఆగిన క్షణంలోనే పదినిమిషాలు గడపండి. కొత్త రాజుకి "కొత్తగా వచ్చాడు" అన్న కారణంతోనే సామంతుల అభిప్రాయం కిందికి పడుతుంది. తండ్రి ఏళ్ళ తరబడి సంపాదించిన భయమూ అభిమానమూ అతనితోనే పోయాయి. 2024లో వచ్చిన ప్యాచ్ నుంచి లెజిటిమసీ (పాలకుడి హక్కుని జనం ఎంతవరకు ఒప్పుకుంటారన్నది) అని ఇంకో కొలత కూడా చేరింది, అది తక్కువుంటే సామంతులు ఇంకా రెచ్చిపోతారు. నేను ముందు ఫ్యాక్షన్ల పేజీ తెరుస్తాను. అందులో అందరినీ చూడను, బలం ఎక్కువున్న ఇద్దరిని మాత్రమే చూస్తాను. ఫ్యాక్షన్ నిలబడేది వాళ్ళ మీదే. ఒకడికి పెళ్ళికాని కొడుకుంటే నా చెల్లెలినో కూతురినో ఇచ్చి పొత్తు కలుపుతాను. పొత్తు ఉన్న సామంతుడు ఫ్యాక్షన్‌లో చేరడు. రెండోవాడికి డబ్బు కానుక పంపిస్తాను, కౌన్సిల్‌లో చోటు కావాలంటే ఇస్తాను, ఆ పని వాడికి అంత బాగా రాకపోయినా సరే. మిగతా చిన్నవాళ్ళు అరిచినా ఫ్యాక్షన్ బలం సరిపోదు, అల్టిమేటం దాకా రారు.

తర్వాత జైలు చూస్తాను. తండ్రి పట్టి ఉంచిన ఖైదీలు ఉంటే, వాళ్ళలో ఉరి తీయడానికి తగిన కారణం ఉన్నవాళ్ళు ఉంటే, కొత్త రాజు స్వభావాన్ని బట్టి నిర్ణయిస్తాను. ఉరి తీస్తే డ్రెడ్ (రాజంటే భయం) పెరుగుతుంది, పిరికివాళ్ళు ఫ్యాక్షన్ల జోలికి పోరు. కానీ రాజు దయగలవాడైతే అదే పని స్ట్రెస్ పెంచుతుంది. స్ట్రెస్ మొదటి గీత దాటితే తాగుడో మరోటో అంటుకుంటుంది. అలాంటప్పుడు వాళ్ళని డబ్బుకి వదిలేసి ఆ డబ్బు కానుకలకి వాడతాను. రాజు ఎలాంటివాడో అలాగే ఆడాలి. క్రూరుడితో సాధువులా, సాధువుతో క్రూరుడిలా ఆడితే ఈ ఆట ప్రతిసారీ మీ మీదికే తిరుగుతుంది.

ఇవన్నీ చేయాలంటే డబ్బు కావాలి. అందుకే ముసలి రాజు చివరి పదేళ్ళూ ఖజానా నింపండి. బంగారం ముఖ్య వారసుడికి వెళ్తుంది, స్థిర సైన్యం కూడా అంతే. ప్రెస్టీజ్ అలా నేరుగా చేతికి రాదు. అరవై దాటిన రాజు పెద్ద భవనం మొదలుపెట్టడం, అప్పు చేసి యుద్ధానికి దిగడం రెండూ వద్దు. మీరు చివర్లో గుడి కట్టించడానికి ఉన్న బంగారమంతా ఖర్చుపెట్టానని రాశారు. ఆ బంగారం ఉంటే కొత్త రాజు రెండు కిరాయి దళాల్ని పెట్టుకుని ఆ ఫ్యాక్షన్‌ని ఒక్క వేసవిలో ముగించేవాడు.

పెద్దకొడుకు పెంపకం కూడా ఇందులో భాగమే. ఆరేళ్ళు రాగానే గార్డియన్‌ని పెడతాం కదా, అక్కడ బంధుత్వం చూసి కాదు, చదువు చెప్పేవాడి సామర్థ్యం చూసి పెట్టండి. కొత్త రాజుకి స్టివార్డ్‌షిప్ (ఆస్తిపాస్తులు చూసుకునే నేర్పు) బాగుంటే ఎక్కువ కౌంటీలు సొంతంగా పట్టుకోగలడు, డిప్లమసీ బాగుంటే సామంతులు తొందరగా చల్లబడతారు. పెళ్ళి మటుకు బలమైన పొరుగు రాజు కూతురితోనే చేయండి. తండ్రి కుదిర్చిన పొత్తులు కొన్ని తండ్రితోనే తెగిపోతాయి, కొడుకు సొంత మామగారి పొత్తు నిలుస్తుంది.

మనుషులు ఎక్కువున్నా యుద్ధం ఎందుకు ఓడిపోయారు? రాజ్యం పేజీలో కనిపించే పెద్ద అంకెలో ఎక్కువమంది లెవీలు, అంటే పొలాల నుంచి పిలిపించిన రైతులు. ఆట మూల అంకెల్లో ఒక లెవీకి దాడి 10, తట్టుకునే శక్తి 10. కవచం ఉన్న కాల్బలానికి 32, 22. కవచం ఉన్న గుర్రపుదళానికి 100, 35. ఇవి చూశాక మీ మూడు వేలమంది వాళ్ళ పన్నెండు వందలమంది చేతిలో ఎందుకు చెదిరిపోయారో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. లెవీలు ముట్టడికి, అంకె చూపించి భయపెట్టడానికి పనికొస్తాయి. యుద్ధం గెలిపించేది మెన్-ఎట్-ఆర్మ్స్ (డబ్బు పెట్టి పోషించే స్థిర సైన్యం), నైట్లు, సేనాపతి.

ఒక్కో రకం దళం ఇంకో రకాన్ని అణుస్తుంది. ఈటెలవాళ్ళు గుర్రాల్ని, తేలిక గుర్రాలు విలుకాండ్రని, విలుకాండ్రు తేలిక కాల్బలాన్ని, తేలిక కాల్బలం కవచపు కాల్బలాన్ని, కవచపు కాల్బలం ఈటెలవాళ్ళని. మొదట్లో డబ్బు తక్కువ కాబట్టి నేను రెండు రకాలకు మించి పెట్టను. ఐర్లండ్‌లో కవచపు కాల్బలం ఒక రకం, పొరుగువాడి దళాన్ని చూసి దాన్ని అణిచేది ఇంకో రకం. 2023లో వచ్చిన ప్యాచ్ నుంచి ఈ దళాల్ని ఒక్కో కోటలో నిలబెట్టొచ్చు. ఆ కోటలో వాటికి పనికొచ్చే భవనాలుంటే దళం బలం గణనీయంగా పెరుగుతుంది. రాజధాని డచీలో భవనాలు కట్టమన్నది ఇందుకు కూడా. గుర్రపు లాయాలున్న కోటలో గుర్రాలు, కాల్బలానికి పనికొచ్చే భవనాలున్న చోట కాల్బలం.

నేల కూడా చూడండి. నది దాటి దాడి చేస్తే నష్టం, ఓడ దిగీదిగగానే యుద్ధమైతే ఇంకా నష్టం. శత్రువు కొండ మీద ఉంటే వదిలేసి వాడి రాజధాని ముట్టడించండి, వాడే దిగొస్తాడు. సైన్యం కూడకముందే శత్రువు మీద పడకుండా ర్యాలీ పాయింట్‌ని (సైన్యం వచ్చి కూడే చోటుని) సరిహద్దుకి రెండు కౌంటీలు వెనక్కి పెట్టుకోండి.

మిత్రుడి సైన్యం గురించి మీరు పడ్డ కడుపుమంట నాకు బాగా తెలుసు. యుద్ధం ఇక్కడ జరుగుతుంటే వాడు సముద్రం చుట్టి ఎక్కడో చిన్న కోట ముట్టడిస్తుంటాడు. దీనికి పూర్తి మందు లేదు. మీ సైన్యాన్ని వాడి సైన్యానికి ఒక కౌంటీ దూరంలో నడిపిస్తే చాలాసార్లు వచ్చి కలుస్తాడు. ముందు మీరు యుద్ధంలోకి దిగి వాడు వచ్చేవరకు నిలబెట్టడం కంటే, వాడి యుద్ధంలో మీరు చేరడం మేలు.

చివర్లో వేంగితో ఆడాలని ఉందని రాశారు. తప్పకుండా ఆడండి, కానీ ఐర్లండ్‌లో రెండు తరాలు దాటాకే. 867లో మొదలుపెడితే పక్కనే దక్కన్‌లో అమోఘవర్షుడి రాష్ట్రకూట రాజ్యం కొండలా ఉంటుంది. ఎదురెళితే నిలవలేం. కానీ మీ ఇంట్లో పంపకం చేసే చట్టమే వాళ్ళింట్లోనూ పనిచేస్తుంది. పెద్ద పొరుగు రాజుని నేను పిన్ చేసి ఉంచుకుంటాను. వాడి వయసు, ఆరోగ్యం, కొడుకుల సంఖ్య చూస్తుంటాను. వాడు పోయి కొడుకులు ఒకరితో ఒకరు కొట్టుకునే రెండు మూడేళ్ళే నాకు అదను. అప్పటిదాకా డబ్బు, స్థిర సైన్యం, పెళ్ళి సంబంధాలు. వేంగిలో పెళ్ళిళ్ళ బలం ఎంతో చరిత్రే చెప్పింది: తల్లి వైపున రాజేంద్ర చోళుడి మనవడైన వేంగి రాకుమారుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. ఆటలోనూ మనవళ్ళకి తల్లి వైపునుంచి హక్కులు వస్తాయి, అవి యుద్ధానికి కారణంగా పనికొస్తాయి.

ఇప్పుడు మీ సేవ్ సంగతి. మీ పెద్దకొడుకు తండ్రి వారసుడు కాబట్టి లెన్‌స్టర్, కొనాక్ట్ రెండింటి మీదా అతనికి హక్కు ఉంది. కొత్తగా హక్కు పుట్టించనక్కర్లేదు. ఫ్యాక్షన్‌తో ఓడిపోయింది క్రౌన్ అథారిటీ విషయంలోనే, నేల పోలేదు, సామంతులు కొన్నాళ్ళు ఊరుకుంటారు. ఈ వ్యవధిలో భవనాలు కట్టకుండా డబ్బు దాచి, కవచపు కాల్బలం ఒక దళం పెంచండి. రాజుకి ఇంకా పెళ్ళి కాలేదన్నారు కదా, అది మీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి. వేల్స్‌లోనో స్కాట్లండ్‌లోనో సైన్యమున్న మామగారిని చూసుకోండి. ఇద్దరు తమ్ముళ్ళ మీదికి ఒకేసారి వెళ్ళొద్దు. ఎవరికి బయట పొత్తు లేదో వాళ్ళ మీదికి ముందు. ఒకరిది చేతికొచ్చాక కౌంటీల లెక్క సగం దాటిందా అని ఐర్లండ్ టైటిల్ పేజీలో చూసి, దాటితే మిగతా ఖర్చులన్నీ ఆపి కిరీటం సృష్టించండి. రెండో తమ్ముడి దగ్గరికి తర్వాత రాజు హోదాతో వెళ్ళొచ్చు, చాలాసార్లు యుద్ధం లేకుండానే సామంతుడవడానికి ఒప్పుకుంటాడు.

అంతకంటే ముందు ఒక పని: కొనాక్ట్ తమ్ముడి పేజీ తెరిచి, పెళ్ళయిందా, పిల్లలున్నారా, వారసుడిగా ఎవరి పేరుందో చూసి ఇక్కడ రాయండి. అక్కడ మీ రాజు పేరే ఉంటే కొనాక్ట్ జోలికి వెళ్ళకుండా లెన్‌స్టర్ యుద్ధం మొదలుపెట్టండి. మీ మార్షల్ సామర్థ్యం, లెన్‌స్టర్ దళాల రకాలు కూడా రాస్తే ఏ దళం కొనాలో చెబుతాను.